ఏ రోజు వాన ఆ రోజు

1979 ఫిబ్రవరి 5, సోమవారం. ఉదయం 6 గంటల 10 నిమిషాలకు విజయవాడలో ప్యాసింజరు బండి కదిలింది. గుడివాడకు 43 కిలోమీటర్లు. అక్కడి నుంచి బందరుకు 37, బందరు నుంచి అవనిగడ్డకు బస్సులో దాదాపు 35, అవనిగడ్డ నుంచి నేను చేరవలసిన లాకుకు అద్దె సైకిలు మీద 14. మొత్తం 129 కిలోమీటర్లు. రానూపోనూ ఆరు రోజులు చాలుననుకున్నాను. ఎనిమిది పట్టాయి.

నేను పూనాలో వాతావరణ లెక్కలు వేసే ఉద్యోగిని. ఉష్ణమండల సముద్రాల మీద పెద్ద మేఘాలు లేచినప్పుడు, నీటి ఆవిరి మేఘంగా మారుతూ విడిచే వేడి పై గాలిని నెడుతుంది. పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పారే గాలి ప్రవాహం ఆ నెట్టుకు వంపు తిరుగుతుంది. ఆ వంపు అలలాగా దూరదేశాలకు పాకి, ఒకచోట చలికాలాన్ని ముదరబెడుతుందని, మరొకచోట ముసురు తెస్తుందని కొందరు అంటున్నారు. ఇది ఇంకా పూర్తిగా రుజువు కాలేదు. మన తీరంలో కార్తీక, మార్గశిరాల్లో కురిసే పెద్ద వానలకూ, ఆ తరువాత ఉత్తరాన దిగే చలికీ మధ్య ఎన్ని రోజుల ఎడముందో లెక్కగట్టడం నాకు అప్పగించిన పని. రోజుల లెక్క కాబట్టి తేదీ ఒక్కటి తప్పినా పట్టిక చెడుతుంది.

దివిసీమ కాలువల చివర నీటిని ఆపి వదిలే లాకు ఒకటి ఉంది. అక్కడి లస్కరు, అంటే లాకు తలుపులు ఎత్తి దించే మనిషి, 1951 నుంచి వాన కొలిచి పుస్తకంలో రాశాడు. సముద్రానికి అంత దగ్గరలో అంత పాత లెక్క నాకు మరొకటి దొరకలేదు. అయితే 1976 చివర ఆ పుస్తకం నకలును పొరుగు ఊళ్ళ లెక్కలతో పోల్చి చూసినప్పుడు, కొన్ని వానలు సరైన తేదీన, ఎక్కువ వానలు ఒక రోజు ముందుగా కనిపించాయి. లస్కరు తోచినప్పుడు తోచింది రాస్తున్నాడని తీర్మానించి, 'వానలు ఒక రోజు ముందు; నమ్మదగినది కాదు' అని ఎర్ర సిరాతో రాసి సంతకం చేశాను. ఆరు నెలలకు అతని దగ్గర నుంచి కొలత గ్లాసు వెనక్కి తీసుకున్నారట. ఆ తరువాత ఉప్పెన వచ్చింది.

పుస్తకం అబద్ధమైతే నా పట్టికలో పెద్ద కంత మిగులుతుంది. నిజమైతే నేనొక మనిషికి అన్యాయం చేసినట్టు. రెండింటిలో ఏదో తేలాలి.

గుడివాడ

బండిలో నా ఎదుట మినుముల వ్యాపారం చేసే పెద్దమనిషి కూర్చున్నాడు. నేను నిమిషానికొకసారి గడియారం చూడడం అతనికి వింతగా తోచింది.

"ఏ ఊరండీ తమది?"

"అనంతపురం జిల్లా. వానల లెక్కలు చూసే ఉద్యోగం."

"అబ్బో! అనంతపురం మనిషికి వానల ఉద్యోగమా? మీ వైపు కొలవడానికి గ్లాసెందుకండీ, ఉగ్గుగిన్నె చాలదూ?"

పెట్టె అంతా నవ్వింది. నేను కూడా నవ్వి, పై గాలి సంగతి వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటే బావగారూ, ఢిల్లీవాళ్ళు దుప్పటి కప్పుకుంటే అది మా బందరు సముద్రం చేసిన పనంటారు."

"మీ సముద్రం ఒక్కటే కాదు. అసలు చేసిందో లేదో తేల్చడానికే వెళ్తున్నాను."

"తేలితే ఒక ఉత్తరం ముక్క రాయండి. మా మినుములకు మంచు పట్టినప్పుడు ఎవర్ని తిట్టాలో మాకూ తెలియద్దూ!"

గుడివాడలో దిగి, ఒక పాత కచేరీలో ఉన్న వానల పుస్తకం నుంచి పదేళ్ళ నవంబరు, డిసెంబరు తేదీలు రాసుకున్నాను. మధ్యలో ఫలహారానికి వెళ్ళాను. నెయ్యి, కారప్పొడి వేసిన ఇడ్లీ ప్లేటు నలభై పైసలు. మా వైపు ఇడ్లీకి పప్పుల చట్నీ తప్పనిసరి. ఇక్కడ పొడి వేయించుకోనివాణ్ణి జబ్బు మనిషిలా చూశారు. చేతులు కడుక్కోబోయి వంగినప్పుడు గడియారం పట్టీ ఊడి, గోళెం నీళ్ళలో పడింది. తీసేసరికి ముళ్ళు 11 గంటల 17 నిమిషాల దగ్గర ఆగిపోయి ఉన్నాయి.

గడియారం లేని మణికట్టు నన్ను ఎంత కలవరపెట్టిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. సాయంత్రం బండి వచ్చేలోగా స్టేషను గడియారం కిందికి తొమ్మిదిసార్లు వెళ్ళి వచ్చాను.

బందరు

రోజుకు ఐదు రూపాయల గది. దుప్పటి శుభ్రంగా ఉంది, దోమతెర చిరిగి ఉంది. మంగళవారం ఉదయం గడియారాల మేస్త్రీ ఖాదర్ గారి దుకాణం వెతుక్కుంటూ వెళ్ళాను. తెల్లగడ్డం, కంటికి బిగించిన భూతద్దం, గోడ మీద పదకొండు గడియారాలు, పదకొండూ వేర్వేరు వేళలు.

"ఇందులో సరైనదేదండీ?" అన్నాను.

"అన్నీ వైద్యానికి వచ్చినవేనండీ. సరైనదైతే ఇక్కడికెందుకొస్తుంది?" అని ఆయన నా గడియారం విప్పి చూశాడు. "నీళ్ళు తాగేసింది. ఆరు రూపాయలవుతుంది. జుమ్మా రాత్రికి రండి."

జుమ్మా అంటే శుక్రవారం. శుక్రవారం రాత్రి అని నోటు పుస్తకంలో రాసుకున్నాను. మూడు రోజులు రేవు దగ్గరి ఒక పాత కార్యాలయంలో రికార్డులు చూశాను. పుస్తకాలు బాగున్నాయి గాని నేను కుదురుగా లేను. గంటకోసారి లేచి, గాలి ఎటునుంచి వీస్తోందో చూడడానికి వరండాలోకి వెళ్ళేవాణ్ణి. నా ఎరుకలో ఫిబ్రవరిలో ఇక్కడ ఆకాశం తేటగా ఉండాలి. బుధవారం నుంచి పడమటి వైపు పల్చటి మేఘం దారాలు తీసినట్టు సాగుతోంది. ఆకలి లేకపోయినా రోజూ మధ్యాహ్నం బందరు హల్వా పావు కిలో కొని, సగం తిని, సగం అక్కడి గుమాస్తాకు ఇచ్చేవాణ్ణి. ఆయన దాన్ని నా జీతపు హోదాకు గుర్తుగా తీసుకున్నాడని తరువాత తెలిసింది.

శుక్రవారం పొద్దు గుంకగానే ఖాదర్ గారి దుకాణానికి వెళ్ళాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"నిన్న చీకటిపడ్డాక కూడా గంటసేపు మీకోసం దుకాణం తెరిచి కూర్చున్నానండీ."

"మీరు శుక్రవారం రాత్రి అన్నారు కదా?"

"జుమ్మా రాత్రి అన్నాను. జుమ్మా రాత్రంటే గురువారం రాత్రి! పొద్దు గుంకితే మాకు మర్నాడు మొదలైనట్టే. రాత్రి ముందు, పగలు తర్వాత."

"మరి నేను శుక్రవారం రాత్రి అని రాసుకున్నాను."

"మీరు రాసుకున్నదీ తప్పు కాదు, నేను చెప్పిందీ తప్పు కాదు," అంటూ ఆయన గడియారం నా చేతికి కట్టాడు. "మాకు సాయంత్రం, మీకు పొద్దు పొడుపు, రైలువాళ్ళకు నడిరాత్రి. ఈ బందరులో రోజుకు మూడు గుమ్మాలున్నాయండీ. ఏ గుమ్మంలోంచి వచ్చారో అడగకుండా తేదీ మాట్లాడితే ఇంతే."

ఆ మాటకు నవ్వి, ఆరు రూపాయలు ఇచ్చి వచ్చేశాను. నా చేతికి తాళంచెవి అందించాడని అప్పటికి తెలియలేదు. శుక్రవారం ఉదయమే బయలుదేరవలసినవాణ్ణి, ఒక రోజు పోగొట్టుకున్నానన్న చిరాకే మిగిలింది.

చల్లపల్లి, అవనిగడ్డ

శనివారం ఉదయం బస్సు చల్లపల్లిలో ఇరవై నిమిషాలు ఆగింది. అల్లం ముక్కలు చల్లిన పెసరట్టు అరవై పైసలు. పక్కన కోత కోసిన మినప చేలు. జనం కల్లాల్లో కట్టలు పోస్తూ మాటిమాటికీ ఆకాశం వైపు చూస్తున్నారు. మా ఊళ్ళో ఎవరైనా అలా చూస్తే వాన కోసం చూస్తున్నట్టు. ఇక్కడ అది వద్దని చూస్తున్నారు.

పులిగడ్డ దగ్గర నదిని దాటాక దివిసీమ. ఉప్పెన వచ్చి పదిహేను నెలలయింది. కొత్త తాటాకు కప్పులు, మొండి తాడిచెట్లు, పచ్చటి చేల మధ్య ఉప్పు తేలి ఏమీ మొలవని తెల్లటి మచ్చలు. బస్సులో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. తేదీలు చెప్పుకునేటప్పుడు మాత్రం 'ఉప్పెనకు ముందు', 'ఉప్పెన తర్వాత' అంటున్నారు.

అవనిగడ్డ బస్టాండులో సైకిలు అద్దెకిచ్చే మనిషిని లాకుకు దారి అడిగాను.

"ఏ లాకండీ? ముందురోజు రాయుడు గారిదా?"

"సుబ్బారాయుడు గారని రాసి ఉంది."

"ఆయనేనండీ. ఆయన వాన ఒక రోజు ముందే కురుస్తుందని పూనా దొరలెవరో ఎర్ర సిరాతో రాశారట. కాలువ కచేరీలో గుమాస్తా పైకి చదివాడు. అప్పట్నించీ ఆ పేరే. 'ఏం రాయుడు గారూ, రేపటి వాన పడిందా?' అంటే రాళ్ళు పుచ్చుకుంటాడు!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను సైకిలు గాలి సరిచూస్తున్నట్టు వంగాను. ఆరు పదాలు రాశాను. అవి దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణించి ఒక మనిషి పేరు ముందు కూర్చున్నాయి.

లాకు

సాయంత్రం 4 గంటల 25 నిమిషాలకు చేరాను. ఇటుక గోడల లాకు ఇల్లు, ఒక పక్క గోడ కొత్తది. పాత గోడ మీద నీటి గీత ఉంది. నా టేపుకు 1 మీటరు 64 సెంటీమీటర్లు వచ్చింది. ఇంటి పునాదే కాలువ గట్టు మీద ఉంది. పల్లె అంతకన్నా చాలా కింద.

సుబ్బారాయుడు గారికి అరవై దాటాయి. ఎండి బిగిసిన మనిషి. పూనా నుంచి పాత లెక్కలు చూడడానికి వచ్చానని మాత్రం చెప్పాను. ఆయన లోపలి నుంచి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. అంచులు బురదకు గట్టిపడ్డాయి. చివర కొన్ని కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"గ్లాసు తీసుకుపోయాక కొలవడం మానేశారా?" అన్నాను.

జవాబు ఆయన భార్య సీతమ్మ గారి దగ్గర నుంచి వచ్చింది. "మానేస్తే నా చీపురు మిగిలేదిగా నాయనా!"

వాసాల సందుల్లోంచి రాయుడు గారు కట్టలు దించాడు. చీపురు పుల్లల కట్టలు. గ్లాసు పోయాక ఆయన నిలువు అంచులున్న ఇత్తడి డబ్బా ఒకటి ఆరుబయట పెట్టాడు. వాన పడ్డప్పుడల్లా నీళ్ళలో పుల్ల నిలబెట్టి, తడిసినంత మేర విరిచాడు. పుల్ల పొడవు ఎంతో వాన లోతు అంత. ఒక్కొక్క కార్తెకు ఒక్కొక్క కట్ట. కార్తెలో ఎన్నో రోజైతే పుల్ల మీద అన్ని గాట్లు. మృగశిర నుంచి విశాఖ వరకు పన్నెండు కట్టలు కట్టాడు. విశాఖ కార్తె చివర ఉప్పెన వచ్చింది. ఆ పన్నెండింటిలో ఏడు మిగిలాయి. గోడ మళ్ళీ లేచాక కొత్త కట్టలు మొదలుపెట్టాడు.

నేను స్కేలు తీసి ఒక పుల్ల కొలిచాను. 31 మిల్లీమీటర్లు. మా కార్యాలయంలో ఇంతకంటే తక్కువ శ్రద్ధతో తయారైన లెక్కలను నేను కళ్ళకద్దుకున్నాను.

"ఇదంతా ఎవరడిగారండీ మిమ్మల్ని?"

"ఎవరూ అడగలేదు. అబద్ధమని వాళ్ళు రాసుకున్నారు. రాసుకోమనండి. వాన నా కళ్ళ ముందు పడుతుంటే లెక్క లేకుండా ఎలా పోనిస్తాను?"

పుల్లలు నిజమే. మరి తేదీలెందుకు తప్పాయి? ఆ ప్రశ్న కదలకుండా అలాగే ఉంది. ఈ పాత లెక్కలు ఎందుకని ఆయన అడిగాడు. రోజుల ఎడం గురించి, పై గాలి గురించి, ఉత్తరాది చలి గురించి చెప్పాను. ఆయనకు అది వింత అనిపించలేదు.

"మా లాకు ఎత్తితే శివారు చేనుకు మూడో రోజున తెలుస్తుందండీ. ఆకాశంలో కాలువకు లాకు మా సముద్రం మీదుందంటారు, అంతేగా? అయితే లాకు ఏ రోజు ఎత్తారో రాసి ఉండాలి. లేకపోతే శివారువాడు ఎవర్ని అడుగుతాడు?"

నేను ఏళ్ళ తరబడి పేజీల్లో చెప్పలేనిది అంతే.

చీకటిపడ్డాక చినుకులు మొదలయ్యాయి. సీతమ్మ గారు కల్లంలో ఉన్న మినుముల కోసం గొణుక్కుంటూ పడుకున్నారు. నేను అరుగు మీద అటూ ఇటూ దొర్లాను.

ఆదివారం ఉదయం 6 గంటల 34 నిమిషాలకు పొద్దు పొడిచింది. సరిగ్గా అప్పుడే రాయుడు గారు డబ్బా దగ్గరికి వెళ్ళి, పుల్ల ముంచి, విరిచి, గోరుతో గాట్లు పెట్టాడు. ఐదు గాట్లు. ధనిష్ఠ కార్తె మంగళవారం మొదలైంది. ఐదో రోజంటే శనివారం.

"ఇవాళ ఆదివారం కదండీ?" అన్నాను.

"అవునండీ."

"మరి ఐదు పెట్టారే?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "వాన పడింది శనివారం రాత్రి కదండీ. తెల్లవారితేనేగా ఆదివారం."

నేను అక్కడే తడి గట్టు మీద కూర్చున్నాను. ఉదయం 8 గంటల 30 నిమిషాలకు కొలిచి, అంతవరకు ఇరవైనాలుగు గంటల్లో పడిన వానను ఆ ఉదయపు తేదీ కింద రాయడం మా నియమం. శనివారం రాత్రి వాన మాకు ఆదివారం వాన. రాయుడు గారి రోజు పొద్దు పొడుపు గుమ్మంలోంచి వస్తుంది. తెల్లవారాక ఎనిమిదిన్నర లోపల పడిన వానకు రెండు పుస్తకాల్లోనూ ఒకే తేదీ పడుతుంది. మిగతా వానలన్నిటికీ ఒక రోజు తేడా. కొన్ని సరిపోయి, ఎక్కువ సరిపోకపోవడానికి కారణం అదే. నేను గాలివాటు అనుకున్నది ఇరవై ఆరేళ్ళ క్రమం.

"ఎనిమిదిన్నరకు కొలవాలని మీకెవరూ చెప్పలేదా?"

"గ్లాసుతో ఇచ్చిన కార్డు మీద ఇంగ్లీషులో ఏదో ఉందండీ. అర్థమేమిటని అడిగితే, అప్పటి ఓవర్సీరు గారు 'ఏ రోజు వాన ఆ రోజు కింద రాయి, అంతే' అన్నారు. ఏ రోజు వాన ఆ రోజే రాశాను."

ఆ రోజంతా గుడివాడ, బందరు తేదీలు పక్కన పెట్టుకుని సరిచూశాను. సందేహంగా కనిపించిన ప్రతి వానా ఒక రోజు జరపగానే తన చోట కూర్చుంది. అనుకున్నదానికి మించిన రెండో రోజు అలా పోయింది. ఆ రోజుకు నేను చింతించలేదు.

మధ్యాహ్నం కొర్రమీను పులుసుతో అన్నం పెట్టారు. రెండో ముద్ద దగ్గర ఆగి చెప్పాను. "రాయుడు గారూ, ఆ ఎర్ర సిరా నాది."

సీతమ్మ గారి గరిటె ఆగింది. "ఓహో! మా చీపుర్లు కాజేసిన దొర తమరేనా?"

రాయుడు గారు మాత్రం తల ఎత్తలేదు. "అన్నం తినండి, పులుసు చల్లారుతుంది," అన్నాడు. తిన్నాక చెయ్యి కడుక్కుని ఎదుటికి వచ్చాడు. "కింద పల్లెలో ఈవిడ చెల్లెలు వాళ్ళుండేవారండీ. ఇప్పుడు లేరు. ఆ మధ్యాహ్నం నేను వెళ్ళి 'గాలి బాగాలేదు, గట్టు మీదికి రండి' అన్నాను. మా తోడల్లుడు నవ్వాడు. 'ముందురోజు రాయుడు వచ్చాడర్రా, రేపటి గాలి చెప్తున్నాడు' అన్నాడు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"పేరు లేకపోతే వచ్చేవాళ్ళేమో, రాకపోదురేమో. అది మీ లెక్కలో తేలదు. నాకు ఒక కాగితం కావాలి."

పుస్తకం మొదటి పుటలోనే రాశాను. నా దగ్గర ఉన్నది అదే ఎర్ర సిరా. 'ఈ పుస్తకంలోని తేదీలు సరైనవి. ఇందులో రోజు పొద్దు పొడుపుతో మొదలవుతుంది. తప్పు చదివినది నేను.' సంతకం, తేదీ, వేళ. ఆయన నా చేత రెండుసార్లు పైకి చదివించుకున్నాడు. నకలు ఒకటి రాసిమ్మన్నాడు, కాలువ కచేరీలో గుమాస్తా చేత చదివించడానికి.

తిరుగు బస్సు

సోమవారం అవనిగడ్డలో బస్సు ఎక్కాను. రాయుడు గారు ఇచ్చిన కట్టలు ఒళ్ళో ఉన్నాయి. కండక్టరు టిక్కెట్టు కొడుతూ, మాటల మధ్య స్వాతి కార్తె కట్ట నుంచి ఒక పుల్ల లాగి పళ్ళ సందున పెట్టుకున్నాడు.

"అయ్యో, అది వానండీ!" అన్నాను.

"ఏవండీ?"

"స్వాతి కార్తె, ఆరో రోజు వాన. ఇంకా కొలవలేదు."

ఆయన పుల్లను నోట్లోంచి తీసి చూశాడు. చివర నమిలేశాడు. "చీపురు పుల్లే కదండీ! ఎక్కడివండీ ఇవి?"

చెప్పాను. తేదీల సంగతి, గుమ్మాల సంగతి, తప్పు నాదన్న సంగతి అన్నీ బస్సుకంతటికీ వినిపించేలా చెప్పాను. కండక్టరు నొచ్చుకుని, మిగిలిన పుల్ల ముక్క తిరిగి నా చేతిలో పెట్టాడు.

"అయితే రాయుడు గారు అబద్ధం రాయలేదన్నమాట."

"ఒక్కటి కూడా లేదు."

"అదీ మాట! ఈసారి కనబడితే చెప్తానండీ, మన ముందురోజు రాయుడు గారికి," అన్నాడు.

లెక్క

రోజులు: అనుకున్నవి ఆరు, పట్టినవి ఎనిమిది.

రైలు, బస్సు, సైకిలు: 19 రూపాయల 40 పైసలు. గదులు: 25 రూపాయలు. తిండి, హల్వాతో కలిపి: 31 రూపాయల 15 పైసలు. గడియారం: 6 రూపాయలు. సీతమ్మ గారికి కొత్త చీపుర్లు రెండు: 1 రూపాయి 50 పైసలు. మొత్తం 83 రూపాయల 5 పైసలు.

పట్టికలో తిరిగి చేరినవి: ఇరవై ఆరేళ్ళు, తేడా ఉన్న వానలను ఒక్కొక్క రోజు ముందుకు జరిపి.

విడదీయలేకపోయిన కాగితాలు: పదకొండు. దొరకని కట్టలు: ఐదు. నమిలిన పుల్ల: ఒకటి. మిగిలిన ముక్క 9 మిల్లీమీటర్లు. ఆ రోజు వాన అంతకు తక్కువ కాదని మాత్రమే చెప్పగలను.

పోగొట్టవలసి ఉండి, పోగొట్టలేకపోయినది: ఒక మాట. బస్సు దిగేసరికి అది ఇంకా వాడుకలోనే ఉంది.